మొదటి పేజీ బొట్టు

నేను ఒక బ్యాంకు పాసుబుక్కుని. తలెత్తుకుని చెప్పుకునే కథ కాదు నాది. నా వల్ల ఒక మనిషికి ఎడమకన్ను పోయింది.

కొత్తగా, నీలం అట్టతో నేను ఎర్నమ్మ చేతికి వచ్చేనాటికి ఆమె విజయనగరం దగ్గర ఒక జూట్‌మిల్లులో మగ్గం నడిపేది. నా మొదటి పేజీలో ఆమె ఫోటో, దాని కింద పేరు, ఖాతా నంబరు. దసరాకి మిల్లులో మగ్గానికి పసుపు రాసి బొట్టు పెట్టి, ఇంటికొచ్చి నాకూ పెట్టేది. అట్ట మీద కాదు. బొట్టు ముఖానికి పెట్టాలి గాని వీపుకి పెడతారా? అందుకని మొదటి పేజీ తెరిచి, సరిగ్గా నంబరున్న చోట తడి పసుపు, దాని మీద కుంకుమ. అలా తొమ్మిది దసరాలు. పెట్టెలో ఇన్ని కాగితాలుండగా నాకే ఈ మర్యాద అని మురిసిపోయాను. పక్కనున్న రేషన్ కార్డుని చిన్నచూపు కూడా చూశాను.

ఎర్నమ్మ రిటైరయ్యేసరికి ఆమె భర్త సూరప్పడికి రెండు కళ్ళూ మసకబారాయి. షుగరు ఉంది, పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించాలి, ఆలస్యమైతే చూపు తన చేతిలో ఉండదు అన్నాడు డాక్టరు. ఆమెకున్నది పీఎఫ్ డబ్బు ఒక్కటే. ఇంటర్నెట్ సెంటరు గణపతిరావు నా మొదటి పేజీ ఫోటో తీసి క్లెయిమ్ పెట్టాడు. ఇరవై రోజులకి పీఎఫ్ ఆఫీసువాళ్ళు దాన్ని తిరస్కరించారు. కారణం ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. గణపతిరావుకి అది చదివే తీరిక లేదు. మిల్లు వాళ్ళే ఏదో తప్పు రాసుంటారు, వెళ్ళి అడుగు అన్నాడు. మనుషులు తెలియదు అనడానికి పడే సిగ్గు తప్పు చెప్పడానికి పడరు.

రెండు నెలలు ఆమె మిల్లు గేటు చుట్టూ తిరిగింది. ఆమె సంచిలో నేనూ తిరిగాను. దోషిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికింది పాపం. చివరికి మిల్లు ఆఫీసులో ఒకాయన ఆ వాక్యం చదివి, పాసుబుక్కులో ఖాతా నంబరు కనబడటం లేదట అని చెప్పాడు. ఎర్నమ్మ నన్ను తెరిచి చూసింది. తడి కొంగుతో తుడిచింది. పసుపుతో పాటు నంబరూ అలుక్కుపోయింది.

బ్యాంకులో, ఇంత బొట్టేంటమ్మా అని అడిగారు. ఆమె తల దించుకుంది.

"మగ్గానికెట్టినట్టే దీనికీ ఎట్టీసినాను బాబూ. ఇదీ కూడెట్టేదే కదా."

నాకు అడ్డంగా రద్దు ముద్ర వేసి కొత్త పాసుబుక్కు ఇచ్చారు. దాని ఫోటోతో మళ్ళీ క్లెయిమ్ పెడితే పదిహేను రోజుల్లో డబ్బు వచ్చింది. ఆపరేషను అయింది. కుడికన్ను వచ్చింది. ఎడమకంటికి ఆలస్యమైపోయిందన్నారు. అంతా మిల్లోళ్ళ వల్లే అని ఎర్నమ్మ మొగుడికి చెప్పింది. నేను పెట్టె అడుగున ఆ అబద్ధం విన్నాను. ఆ ఇంట్లో నిజం తెలిసిన రెండోదాన్ని నేనే.

మళ్ళీ దసరా వచ్చింది. ఆమె కొత్త పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీయలేదు. దీనికెట్టవా అని సూరప్పడు అడిగాడు. ఆమె నన్ను తీసి అతని ముందు పెట్టింది.

"ఈ బొట్టు వల్లే మావా నీ కన్ను పోయింది. ఎట్టింది నానే."

అతను నా ఎర్రటి మరకని వేలితో తడిమాడు.

"కూడెట్టినదాన్కి బొట్టెట్టినావు. తప్పేటుందిలే," అని తనే తడి కుంకుమ తీసుకున్నాడు.

నంబరు మీదే పెట్టాలనుకున్నాడు. ఒంటికంటికి అంచనా అందలేదు. బొట్టు ఫోటోలో ఎర్నమ్మ నుదుటి మీద పడింది. సిగ్గుతో నాకు మూసుకోవాలనిపించింది. బొట్టు ఆరేదాకా నన్ను తెరిచే ఉంచారు.