గడపలో మిగిలిన కొన

నేను ఒక శ్రావణాన్ని. కంసాలి కొలిమి పక్కన, చెయ్యి చాపితే అందేటట్టు పడి ఉండే రెండు కాళ్ళ ఇనప ముక్కని. వేళ్ళకు చిక్కనంత చిన్నదాన్ని పట్టుకోవడం నా పని. పట్టుకున్నదాన్ని నాదనుకోకుండా, పెట్టాల్సిన చోట పెట్టి వదిలెయ్యడం కూడా నా పనే. ఈ రెండో పని మనుషులకు అంత తేలిగ్గా రాదని వాళ్ళ చేతుల్లో ఇన్నేళ్ళు బతికాక తెలిసింది.

ఈ రూపం రాకముందు నేను ఒక గోడ గడియారంలో చుట్ట చుట్టుకుని ఉన్న స్ప్రింగుని. కంభం దగ్గర ఒక పల్లెలో కరణంగారి వసారాలో ఉండేది ఆ గడియారం. అది ఆగిపోయినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఊళ్ళో పొద్దును చూసి పనికి పోయేవాళ్ళే అందరూ. చివరికి కంసాలి బ్రహ్మయ్య ఆ స్ప్రింగు అడిగి తెచ్చుకున్నాడు. నన్ను నిప్పుల్లో పెట్టి మెత్తబరిచాడు. రెండు బద్దలుగా కోసి, తల దగ్గర అతికి, కొనలు సన్నగా సానబట్టాడు. మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. నేను చుయ్యిమన్నాను. నేను గట్టిగా అన్న మాట అదొక్కటే.

పక్కన ఆయన కూతురు భ్రమరాంబ గొంతుక్కూచుని చూస్తోంది. బ్రహ్మయ్య నన్ను గోటితో మీటి చూసి, "కొంచెం గట్టి పక్కకే పోయింది. దీంతో ఎత్తాల గాని పెకలించకూడదమ్మాయ్. విరుగుద్ది" అన్నాడు.

ఆ తర్వాత నేను ఎత్తని వస్తువు లేదు. ముక్కుపుడక రాళ్ళు, గొలుసు లంకెలు, ఆవగింజంత బంగారు గుండ్లు, టంకం ముక్కలు. బ్రహ్మయ్య ఊపిరి బిగబట్టేవాడు, నేను దించేదాన్ని. ఆడవాళ్ళు అద్దంలో చూసుకుని, "పోయిన ముక్కుపుడక కంటే ఇది చిన్నగా ఉందేంది మావా?" అనేవాళ్ళు. ఆయన తలెత్తకుండానే "ముక్కు పెరిగి ఉంటది" అనేవాడు.

పట్నంలో అద్దాల కొట్లు వచ్చాయి. అక్కడ నగలు చేసిపెట్టి ఉంటాయి, వేలు చూపిస్తే చాలు. బ్రహ్మయ్య కొలిమి చల్లారింది. నాకు మాత్రం పని తప్పలేదు. అరికాళ్ళలో తుమ్మముళ్ళు తీసేదాన్ని. ఒకసారి ఒక పిల్లోడు ముక్కులోకి చింతపిక్క ఎక్కించుకుని వస్తే అదీ తీశాను. బంగారానికి చెప్పినట్టే ఆ పిల్లోడికీ "కదలమాక" అని చెప్పాడు బ్రహ్మయ్య. బంగారం వినేది. పిల్లోడు వినలేదు.

ఆయన పోయాక పెద్ద కొడుకు సుత్తులు తీసుకున్నాడు. చిన్న కొడుకు త్రాసు తీసుకున్నాడు. "నీకేం కావాలమ్మా?" అని అడిగితే భ్రమరాంబ నన్ను తీసి కొంగున ముడేసుకుంది. వదినలు నవ్వారు. ముళ్ళు తీసుకోవడానికా, మొగుడు చెప్పులు కొనివ్వడా అన్నారు.

మొగుడు మాల్యాద్రి గిద్దలూరులో బస్సు కండక్టరు. రోజంతా "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి" అని అరిచే మనిషి. ఇంటికొచ్చాక ఆ నోట్లో మాట ఉండదు. ఒక్కతే కూతురు, ఒంగోల్లో హాస్టలులో ఉండి నర్సింగు చదువుతోంది. ఊరి చివర కొన్న స్థలం ఖాళీగానే ఉంది, కాపురం అద్దె ఇళ్ళలో. ఇంటాయన కొడుక్కి పెళ్ళనో, గోడలు కారుతున్నాయనో, ఎప్పుడూ ఏదో ఒకటి వచ్చి మారుతూనే ఉండేవాళ్ళు. ప్రతి ఇంట్లోనూ భ్రమరాంబ ముందు పాలు పొంగించేది. ఆ తర్వాత గడప కడిగి పసుపు రాసేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ శుక్రవారం ఆ పని తప్పేది కాదు. ఇల్లు ఎవరిదైనా గడప మాత్రం తనదే అన్నట్టు రాసేది.

నేను కుట్టుపెట్టెలో సూదుల మధ్య చాలాకాలం ఊరికే ఉన్నాను. ఒకరోజు కూతురు ఒక అట్టపెట్టె పంపింది. "నీ వేళ్ళకు పనికొస్తుందమ్మా, చూడు" అంది ఫోన్లో. పెట్టె విప్పితే లోపల ఒక ఇల్లు ఉంది. అంటే, ఇంటికి కావాల్సినవన్నీ విడివిడి ముక్కలుగా ఉన్నాయి. అగ్గిపుల్లలంత దూలాలు, గోరంత పరుపులు, జానెడు తీగ, పెసరగింజంత బల్బు. ఏ ముక్క ఎక్కడ అతకాలో బొమ్మలు గీసిన పుస్తకం. అందులో అక్షరాలు చీనా వాళ్ళవి. కుర్చీ కాలు జీలకర్ర గింజంత ఉంది. భ్రమరాంబ వేళ్ళతో పట్టబోయింది, జారింది. కాసేపు చూసి లేచి, కుట్టుపెట్టె తీసింది.

నన్ను పట్టుకోగానే ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. వాళ్ళ నాన్న లాగానే. నాకు కొలిమి వాసన వచ్చినట్టయింది.

అప్పట్నించి మధ్యాహ్నాలు మావి. అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర పీట వేసుకునేది. ఒక కుర్చీ ఒకరోజు. ఒక కిటికీ రెక్క ఒకరోజు. తొందర లేదు. జిగురు ఆరేదాకా నన్ను బిగించి పట్టుకుని, వీధిలో పోయే మేకల్ని చూస్తూ ఉండేది. పెదాలు కదిలేవి. పాటో, లెక్కో, నాకు తెలియదు.

పక్కింటి ఖాసింబీ రోజూ వచ్చి చూసేది. ఆమెకు అన్నీ అనుమానాలే.

"ఏందక్కా, పొయ్యి తెచ్చి నట్టింట్లో పెట్టారు?"

"చలి దేశపోళ్ళు. కాచుకుంటారంట."

"గిద్దలూరు రమ్మనక్కా ఒకసారి. మే నెల్లో రమ్మను. మంట ఎందుకు, గోడకు ఆనుకుంటే చాలు." మళ్ళీ ఇంకో ముక్క చూసి, "ఈ కుడితి తొట్టి ఎందుకక్కా, గేదె ఉందా వీళ్ళకి?" అంది.

"స్నానం చేసేదంట అది. పడుకుని చేస్తారంట."

"పడుకుని పోయించుకునేది ఒకేసారి గదక్కా!"

భ్రమరాంబ నవ్వు ఆపుకోలేక నన్ను కింద పెట్టేసింది. ఆ రోజే చలిమంట గూట్లోంచి ఎర్ర కాగితం మంట పీకేసి, అగ్గిపెట్టె మీది లక్ష్మీదేవి బొమ్మ కత్తిరించి పెట్టింది. తొట్టిని వెనక వరండాలో పెట్టి నీళ్ళ తొట్టి చేసింది. చీనా ఇల్లు మెల్లగా ఈ పక్క ఇల్లయింది.

మాల్యాద్రి మొదట్లో వంగి చూసేవాడు. ఒకసారి వేలితో పరుపు నొక్కి, "మెత్తగానే ఉందే" అన్నాడు కూడా. చెడింది ఒక ఆదివారం. ఆయన అన్నం తింటున్నాడు. ఖాసింబీ గుమ్మంలో నిలబడి, సరదాకే, "అక్క ఇల్లు లేపేసింది గదన్నా. నువ్వింకా స్థలం కాడే ఉండావు" అంది.

ఆయన నవ్వలేదు. ఖాసింబీ వెళ్ళేదాకా ఆగి, ముద్ద వదిలేసి కంచంలో చెయ్యి కడిగాడు.

"ఎవురికి చూపిద్దామని కడతన్నావు ఇది?"

భ్రమరాంబకు అర్థం కాలేదు. "చూపించేదేముంది? పొద్దుపోక..."

"నేను కట్టలేదని వచ్చేపోయేవాళ్ళందరికీ తెలియాల. అంతేగా."

"ఆ మాట నేను ఎప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. అంటే బాగుండేది."

మనుషుల సంగతి ఇంతే. అన్న మాటకి జవాబు చెప్పుకోవచ్చు. అనని మాటకి ఏం చెప్పుకుంటారు? ఆమె లేచింది. సగం కట్టిన ఇల్లు, మిగిలిన ముక్కలు, నన్ను, అన్నీ అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి తోసేసింది.

అక్కడ చీకట్లో రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చుకుని పడుకున్నాను. పైన మాటలు వినపడేవి, తక్కువగా. పాలవాడు వచ్చాడు. డ్యూటీకి టైమైంది. ఉప్పు ఎక్కువైందా? లేదు. అంతవరకే. మధ్యాహ్నాలు మాత్రం మంచం మీద కూచుని ఆమె వేళ్ళూ వేళ్ళూ రాసుకునే చప్పుడు తెలిసేది. దేవుడికి వత్తులు చేసేది. ఇంట్లో దేవుడు వెలిగించుకోలేనన్ని వత్తులు చేసింది.

మళ్ళీ ఇల్లు మారాల్సి వచ్చింది. ఈసారి ఇంటాయన తమ్ముడు వస్తున్నాడట. ట్రాలీ ఆటో వచ్చింది. మంచం ఎత్తితే మేం బయటపడ్డాం. దుమ్ము పట్టి, ఒక మూల బొద్దింక కొరికి.

"ఇది చెత్తేనా అన్నా, పడెయ్యనా?" అన్నాడు ఆటో అతను.

భ్రమరాంబ మొహం పక్కకు తిప్పుకుంది. పడెయ్యమనలేదు, వద్దనలేదు. గిన్నెల మూట ముడి విప్పి మళ్ళీ వేసింది. మాల్యాద్రి ఆమెను చూశాడు. పెట్టెను చూశాడు. పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి డ్రైవరు పక్కన కూచున్నాడు, ఒళ్ళో పెట్టుకుని.

కొంతదూరం పోయాక ఆటో అతను అడిగాడు. "కోడిగుడ్లా అన్నా?"

"కాదు. ఇల్లు."

అతను ఒకసారి పెట్టెను చూసి గేరు మార్చాడు.

"గుంటలున్నాయి. మెల్లగా పో" అన్నాడు మాల్యాద్రి.

కొత్త ఇల్లు నిజంగానే కొత్తది. మేడమీద వాటా. నేలంతా నున్నటి టైల్సు, మొహం కనపడేట్టు. భ్రమరాంబ పాలు పొంగించింది. తర్వాత గిన్నెలో పసుపు కలుపుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. వచ్చి నిలబడిపోయింది.

ఆ ఇంటికి గడప లేదు.

లోపలి నేలా బయటి నేలా ఒకటే. తలుపు కింద ఎత్తన్నది లేకుండా టైలు అటు నుంచి ఇటు పరుచుకుని ఉంది. ఊడవడానికి వీలని ఈమధ్య ఇలాగే కడుతున్నారట. ఆమె వంగి ఆ టైలు మీద చేత్తో ఒకసారి తడిమింది. ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు. పసుపు గిన్నె పట్టుకుని అలాగే వెనక్కి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాల్యాద్రి బీరువా సర్దుతూ చూశాడు. నేను పెట్టె మూత సందులోంచి చూశాను.

ఆ వారం సెలవు నాడు ఆమె కూరగాయలకు పోయింది. ఆయన పెట్టె ముందు కూచున్నాడు. జేబులోంచి ఒక చెక్కముక్క తీశాడు. డిపోలో పాత బస్సు సీటు విప్పితే వచ్చిన టేకు. బ్లేడుతో చెక్కడం మొదలుపెట్టాడు. టిక్కెట్లు చింపే చెయ్యి అది. చెక్కిందీ చింపినట్టే ఉంది. వేలు తెగింది, నోట్లో పెట్టుకుని మళ్ళీ చెక్కాడు. చివరికి బియ్యపుగింజంత వెడల్పు ముక్క తేలింది. పుస్తకంలో ఎక్కడా లేని ముక్క. ఆ చీనా ఇంటికి కూడా గడప లేదు మరి.

నన్ను తీసి దాన్ని పట్టాడు. ఆయన ఊపిరి బిగబట్టలేదు, బుసలు కొట్టాడు. జిగురు ఒక్క బొట్టు చాలు. ఆయన బస్సుకు డీజిలు పోసినట్టు పోశాడు. ఆ చిట్టి ఇంటి గుమ్మంలో పెట్టి గట్టిగా అదిమాడు. చిటికెలో అతుక్కునే జిగురది. గడప అతుక్కుంది. దాంతో పాటు నా కొన కూడా అతుక్కుంది. లాగాడు. రాలేదు. పెకలించాడు.

టక్కుమంది.

ఒక కాలి కొన ఆ గడప మూలలోనే ఉండిపోయింది. బ్రహ్మయ్య చెప్పిన మాట ఈయనకు ఎవరూ చెప్పలేదు. పాపం, తలుపు వేసి చూశాడు. గడప ఎత్తయింది, తలుపు దానికి తగిలి సగంలోనే ఆగిపోయింది. టిక్కెట్టు లేకుండా దొరికిన ప్రయాణికుడిలా నన్ను చేతిలో పట్టుకుని కూచున్నాడు.

భ్రమరాంబ సంచీతో లోపలికి వచ్చింది.

"ఏం చేస్తన్నారు?"

"గడప." నన్ను ముందుకు చాచి, "మీ నాయనది విరగ్గొట్టా" అన్నాడు.

ఆమె సంచీ దించింది. నన్ను తీసుకుని విరిగిన చోట వేలితో రాసింది. ఆయనకు అప్పుడు వినపడి ఉండాల్సింది తిట్టే. ఆమె నన్ను పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి, ఇంటి లోపలికి చూసింది. తలుపు గోటితో తోసింది. ఆగింది. మళ్ళీ తోసింది.

"పట్టదు" అన్నాడు మాల్యాద్రి. "కొలత చూసుకోలా. పెరికేస్తాలే."

"వద్దు."

"మూసుకోదు గదా."

"మీ బస్సు తలుపు మూసుకుంటదా? జనం ఎక్కడం మానేశారా?"

ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు బస్సులో వినపడే గొంతుతో వచ్చింది. ఇంట్లో ఆ గొంతు నేను వినడం అదే మొదలు.

"నిన్ను తప్పుగా అనుకున్నా" అన్నాడు నవ్వు ఆగాక.

"గడప వంకరగా ఉంది" అంది ఆమె.

వంటింట్లోకి వెళ్ళి పసుపు కలుపుకొచ్చింది. నా మంచి కొన అందులో ముంచి, ఆ గడప పొడుగునా రాసింది. మధ్యలో కుంకుమ బొట్టు. అంత చిన్న బొట్టు నేను ఎప్పుడూ పెట్టలేదు, ముక్కుపుడక రాయి కూడా అంతకంటే పెద్దదే. ఆయన తీగ కలిపాడు. పెసరగింజంత బల్బు వెలిగింది. గూట్లో లక్ష్మీదేవి కనపడింది.

ఇప్పుడు ఆమెకు కొత్త శ్రావణం ఉంది, కూతురు పంపింది. మెరుస్తూ ఉంటుంది, పనీ బాగానే చేస్తుంది. రెండో ఇల్లు మొదలైంది. జిగురు డబ్బా మాత్రం మాల్యాద్రికి అందకుండా పైన పెడతారు. నేను మొదటి ఇంటి పక్కన, గాజు బీరువాలో ఉన్నాను. శుక్రవారం ఒక్కసారి దించుతారు, ఆ గడపకు పసుపు రాయడానికి.

మొన్న ఖాసింబీ కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చింది. బీరువా దగ్గర నిలబడి యథాప్రకారం మొదలుపెట్టింది.

"తలుపు మూసుకోదేందక్కా? గడప కాడ ఈ ఇనప మేకేంది?"

"మేకు కాదు. మా నాన్నది" అంది భ్రమరాంబ. "తలుపంటావా, మూసుకుంటే నువ్వెట్టొస్తావు?"

నా చేతుల మీదుగా ఎంతో బంగారం పోయింది. ఏ ఇంటికి పోయిందో, ఎవరి ముక్కున ఉందో నాకు తెలియదు. అన్నీ పెట్టి వదిలేశాను, అది నా పని. ఒక్కచోట మాత్రం వదల్లేకపోయాను. అక్కడే ఉన్నాను ఇంకా, పసుపు కింద.