చచ్చినవాడి పేరు

యుద్ధంలో ఓడిన హిసమోరి దొర పొగమంచు మఠంలోకి పరిగెత్తుకొచ్చి పడ్డాడు. గుండు కొట్టించుకున్న సన్యాసి మీద సామ్రాట్టు కూడా కత్తి ఎత్తకూడదు. ఆ ధీమాతోనే ఒరిన్ ముందు తల వంచి కూర్చున్నాడు.

ఒరిన్ ఆ మఠంలో తలలు గొరిగే సన్యాసిని. ఇలాంటి వెధవక్కూడా ఆశ్రయమా అనుకుంటూ ఆమె మంగలికత్తి నూరింది.

"జాగ్రత్తే ముసలీ! తెగిందంటే ఊరుకోను," అన్నాడు దొర.

కత్తి మెడ నరం మీదికి వచ్చింది. ఒక్క గీత చాలు. ఒరిన్ పళ్లు బిగబట్టి, చివరి వెంట్రుక దాకా నున్నగా గొరిగింది.

"ఇక పేరు పెట్టమ్మా," అన్నాడు మఠాధిపతి.

ఆ మఠం ఆచారం ప్రకారం గొరిగినవాళ్లే పేరు పెట్టాలి, అదీ చచ్చినవాళ్ల పేరే పెట్టాలి. కొత్త సన్యాసి దానికి పలుకుతూ బతకాలి, లేదా మఠం విడిచిపోవాలి. బయట శత్రువుల గుర్రాలు కాచుకునే ఉన్నాయి.

"చిగుసా," అంది ఒరిన్.

"ఎవడే వాడు?"

"నీ గుర్రానికి అడ్డొచ్చాడని వంతెన మీద నరికావే, ఆ పసివాడు. నా కొడుకు."

"ఏ వంతెన?" అన్నాడు దొర. నిజంగానే గుర్తులేదు.

ఒరిన్ వేళ్లు కత్తి మీద బిగుసుకున్నాయి. తర్వాత దాన్ని తుడిచి పక్కన పెట్టి, వంటశాల గుమ్మంలో నిలబడి గొంతెత్తి పిలిచింది.

"చిగుసా! గంజి చల్లారిపోతోంది, రా నాన్నా!"

దొర గేటు వైపు చూశాడు. బయట గుర్రం సకిలించింది.

"వస్తున్నా," అన్నాడు తలొంచుకుని.

"'వస్తున్నానమ్మా' అనాలి," అంది ఒరిన్. "వాడు అలాగే అనేవాడు."