ఉప్పు చాల్లేదు

వాన్ అనే ఊళ్ళోని ఆ యూదుల వృద్ధాశ్రమానికి ఉన్నవి మూడే అంతస్తులు. శుక్రవారం పొద్దు వాలాక, పండగ పూటల్లోనూ వాళ్ళ మతాచారం ప్రకారం బటన్ నొక్కకూడదు గనక లిఫ్ట్ తనంతట తానే అంతస్తంతస్తుకీ ఆగుతూ తిరుగుతుంది. మూడు దాటాక నాలుగులోనూ ఆగుతుంది. చనిపోయినవాళ్ళు అక్కణ్ణుంచి భోజనానికి దిగి వస్తారు. అక్కడుండే పెర్ల్‌ముటర్ గారి భార్య పోయి ఆరేళ్ళు, ఒక్క శుక్రవారమైనా సూప్ మానలేదు మహాతల్లి. వంటింట్లో ఏడు కంచాలు ఎక్కువ పెడతారు, అంతే.

వండేదీ, ఆ కంచాలు పెట్టేదీ సుప్రజ. పాల గిన్నెలు ఒక సింకులో, మాంసం గిన్నెలు ఇంకో సింకులో తోమాలి. "మా అమ్మమ్మ మడి ముందు ఇదెంత!" అనేది చేరిన కొత్తలో. ఇప్పుడు ఏమీ అనడం లేదు.

పోయిన వేసవిలో ఆమె భర్త యోగానంద్ వేర్‌హౌస్‌లో పని చేస్తూ చేస్తూ గుండె ఆగి పోయాడు. సుప్రజకి ఏడుపు రాలేదు. ఫ్యూనరల్ హోమ్‌లో అందరి ముందూ ఆడపడుచు సరోజన అననే అంది, "ఉప్పూ కారం తినే మనిషేనా ఈవిడ? కంట చుక్క నీరు లేదు!" అని. ఏ ఘడియలో అందో గానీ, ఆ రోజు నుంచి సుప్రజ నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది. ఆవకాయ తిన్నా అట్టముక్క తిన్నా ఒకటే. బాధ లేదు, కోపం లేదు. పనికి పోవడం, రావడం.

యూదుల పాసోవర్ పండగ సాయంత్రం శ్యామల వంటింట్లోకి తొంగి చూసింది. వరంగల్ మనిషి, ముసలివాళ్ళని చూసుకునే పని ఆమెది.

"అక్కా, ఏమనుకోకు. సూప్‌లో ఉప్పు తప్పుతోందని మళ్ళీ కంప్లైంట్ పోయింది. ఇయ్యాల కూడా తప్పితే నిన్ను లాండ్రీకి మారుస్తరంట."

"మార్చనీ," అంది సుప్రజ. వంట ఒక్కటే మిగిలింది తనకి, అదీ పోతోంది. భయపడదామని చూసింది. భయం కూడా రాలేదు.

ఆ పూట ఆమె చెయ్యాల్సింది ఉప్పునీళ్ళు. ఒకప్పుడు తమ పూర్వీకులు బానిసలుగా ఏడ్చిన కన్నీళ్ళకి గుర్తుగా, కొత్తిమీర లాంటి పార్స్లీ రెబ్బని అందులో ముంచి తింటారు. కన్నీళ్ళకి కొలత ఎవరూ రాసిపెట్టలేదు, రుచి చూసి కలపాల్సిందే. సుప్రజ ఉజ్జాయింపుగా రెండు చెంచాలు వేసి గిన్నెలు బల్లల మీద పెట్టేసింది.

ముసలివాళ్ళు నిద్ర ఆపుకోలేరని అక్కడ పండగ అయిదింటికే మొదలు. లిఫ్ట్ దిగింది. పెర్ల్‌ముటర్ గారి భార్య వచ్చింది, మిగతావాళ్ళు వచ్చారు. అందరికంటే వెనక, పసుప్పచ్చ వేర్‌హౌస్ జాకెట్‌తో యోగానంద్ దిగాడు. ఆ పూట ఆకలితో వచ్చినవాణ్ణి ఏ ఊరు, ఏ మతం అని అడగరు వాళ్ళు. పెర్ల్‌ముటర్ గారు పక్కకి జరిగి చోటిచ్చి, నెత్తి మీదికి ఒక టోపీ కూడా ఇచ్చారు.

యోగానంద్ రెబ్బ ముంచి నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో రోజూ అన్న మాటే అన్నాడు.

"ఉప్పు చాల్లేదు."

సుప్రజకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చచ్చినా మారరు కదా మీరు!"

అన్నాక గానీ తెలియలేదు ఏమందో. చచ్చిపోయాడు. నిజంగానే చచ్చిపోయాడు ఈయన. తొమ్మిది నెలల తర్వాత ఆ సంగతి ఇప్పుడు తెలిసినట్టు, నిలబడ్డ చోటే భోరుమంది. శ్యామల వచ్చి పట్టుకుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా పెదాల దాకా జారాయి.

ఉప్పగా ఉన్నాయి.

మొహం కడుక్కుని, చేతులు కడుక్కుని, గిన్నెలో నీళ్ళు రుచి చూసింది. చప్పిడి! ఇంకో చెంచా వేసి కలిపి, ఆయన ముందు పెట్టింది. యోగానంద్ ఇంకో రెబ్బ ముంచుకున్నాడు. ఏమీ అనలేదు. బాగుంటే ఏమీ అనకపోవడం ఆయన పద్ధతి.

లాండ్రీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ శుక్రవారం సుప్రజ ఎనిమిది కంచాలు ఎక్కువ పెట్టింది. లిఫ్ట్‌లోంచి ఏడుగురే దిగారు. తలుపులు మూసుకునేదాకా చూసి, వంటింట్లోకి వెళ్ళి సూప్ రుచి చూసింది.

ఉప్పు చాల్లేదు. వేసింది.