సోమవారం రెండు మ్యాచులు

ఓడిపోయిన జట్టు బనియన్లు ఉతకడం గెలిచిన జట్టువి ఉతకడం కన్నా కష్టం. చెమట అంతే ఉంటుంది, సబ్బూ అంతే అరుగుతుంది. కానీ గెలిచిన మర్నాడైతే పక్క క్వార్టర్స్ ఆడవాళ్లు గోడ మీదుగా నాలుగు మాటలాడి పోతారు. ఓడిన మర్నాడు ఎవరూ తొంగి చూడరు. ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టేలోపు ఆరేయాలని నేను పెరట్లో బండ ముందు కూర్చున్నాను. జట్టు బనియన్లు కెప్టెన్ ఇంట్లోనే ఉతకాలనీ, మ్యాచి రోజు జట్టంతా కెప్టెన్ ఇంట్లోనే తినాలనీ మా సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఒక ఆచారం. ఎవరు పెట్టారో తెలీదు. కెప్టెన్ పెళ్లాం మాత్రం పెట్టి ఉండదు.

కెప్టెన్ మా ఆయన, ఇమ్మానియేలు. దాచేపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో బాస్కెట్‌బాల్ బాగా ఆడేవాళ్లకి ఉద్యోగాలిచ్చి ఆడించుకునే రోజులివి. గుంటూరు పొగాకు కంపెనీ కూడా అలాగే ఒక జట్టును మేపుతోంది. ఈ ఏడు ఫైనల్‌కి మేమూ వాళ్లూ వచ్చాం. ఫైనల్ అంటే ఒక్క ఆట కాదు. మూడు మ్యాచులు, రెండు గెలిచినవాళ్లకి కప్పు. గురువారం మనం గెలిచాం, శనివారం వాళ్లు గెలిచారు. సోమవారం సాయంత్రం మా కోర్టులోనే మూడోది.

‘మనం’ అంటున్నానని నవ్వుకోవద్దు. ఆట పిచ్చి నాకు ఆయన కన్నా ముందు నుంచీ ఉంది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఆడాను. యూనివర్సిటీ క్యాంపుకి పేరు కూడా వచ్చింది, దాంతోపాటే పెళ్లి కూడా వచ్చింది. ఈయన్ని నేనే ఒప్పుకున్నాను, కాదనను. పోలీసు గ్రౌండ్స్‌లో ఈయన గాల్లోకి లేచి మణికట్టు వంచి బంతి వదిలిన తీరు చూసి ఒప్పుకున్నాను. ఆటగాణ్ణి చేసుకుంటే ఆట కూడా ఇంటికొస్తుందనుకున్నాను. వచ్చింది, బనియన్ల మూటలో.

గురువారం మ్యాచి మా ఆయన వల్లే గెలిచామని కాలనీ అంతా చెప్పుకుంది. ఆఖర్న వరసగా రెండు బాస్కెట్లు వేశారు, మెళ్లో దండ పడింది, నిజమే. దానికి ముందు ఏం జరిగిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు. మొదటి సగంలోనే ఆయనకి నాలుగు ఫౌళ్లు పడ్డాయి. ఇంకొకటి పడితే బయటికే కాబట్టి కోచ్ ఆయన్ని తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టాడు. అప్పుడు చూడాలి ఆట. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే నాగూర్ వలి బంతి అందుకున్నాడంటే గుంటూరు వాళ్లు వెనక్కి తిరిగేలోపు రింగు కింద ఉండేవాడు. తనకి కుదరకపోతే మొహమాటపడకుండా పక్కవాడికిచ్చేవాడు. వెనకబడిన మనవాళ్లు అందుకున్నారు, దాటారు, అప్పుడు కోచ్ మా ఆయన్ని మళ్లీ దింపాడు. వండిన అన్నం వడ్డించినవాడికి పేరొచ్చింది.

శనివారం ఆయనకి ఫౌళ్లు పడలేదు. అదే మన కొంప ముంచింది. మొత్తం ఆట ఆయనే ఆడారు. ఈమధ్యే కొత్త నిబంధన వచ్చింది, దూరంగా గీసిన గీత బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు. మా కోర్టు మీద ఆ గీత పడినప్పటి నుంచీ మా ఆయన దాన్ని వదిలి లోపలికి రావడం లేదు. మూడు పాయింట్ల ఆశ అని జనం అనుకుంటారు. ఆశ కాదు, మోకాలు. లోపలికి వెళ్తే గెంతాలి, గెంతితే కిందికి దిగాలి. దిగితే ఆ కుడి మోకాలు ఏమంటుందో రోజూ పొద్దున్నే ఆయన మంచం దిగేటప్పుడు నేను చూస్తున్నాను. గుంటూరు వాళ్లు కూడా గురువారం చూసేసినట్టున్నారు. శనివారం గీత దగ్గరే ఆయన మీదికి ఇద్దర్ని వదిలారు. ఇద్దరు ఒకడి మీద ఉన్నారంటే మనవాళ్లలో ఒకడు ఖాళీగా ఉన్నట్టేగా. మన పొడుగాటి చెంచురామయ్య రింగు కింద రెండు చేతులూ ఎత్తి, బస్సు ఆపేవాడిలా నిలబడ్డాడు. బస్సు ఆగలేదు. ఇద్దరి చేతుల మీదుగా మా ఆయన వేస్తూనే ఉన్నారు, బంతి ఇనుముకి తగిలి వస్తూనే ఉంది. ఆడవాళ్ల కోసం కుర్చీలేసిన క్లబ్బు వరండాలో, స్తంభం పక్క నుంచి మెడ సాచి చూస్తున్న నాకు పళ్లు నూరుకోవడం తప్ప దారి లేకపోయింది.

ఆ సాయంత్రం జట్టంతా మా ఇంట్లో పంక్తి కూర్చుని తింటున్నప్పుడు ఉండబట్టలేకపోయాను. కోడికూర గిన్నె పట్టుకునే అన్నాను.

“ఒక్క రెండుసార్లు బంతి చెంచురామయ్యకి ఇచ్చి చూడండి. మీ మీదున్న ఇద్దర్లో ఒకడు అతని మీదికి పోతాడు. అప్పుడు మీకూ ఖాళీ దొరుకుతుంది.”

తింటున్న చేతులు ఆగాయి. నాగూర్ వలి ఒక్కడు తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు.

“చూశార్రా,” అన్నారు మా ఆయన నవ్వుతూ. “మన ఫ్యాక్టరీకి జీతం లేని కోచ్ ఒకావిడ ఉంది. ఆడపిల్లల ఆట వేరు, ఇది వేరు కుమారీ. ముందు అటు చారు పొయ్యి.”

అందరూ నవ్వారు. మా అత్తయ్య ఆదెమ్మ గారు గుమ్మంలో నుంచి, “బడిలో పిల్లల మీద పెత్తనం చేసీ చేసీ ఇంట్లోనూ అదే అలవాటయిద్ది,” అన్నారు. నేను చారు పోశాను. వాళ్లు నవ్వినందుకు కాదు నాకు మండింది, పోసినందుకు.

ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు. భయపడుతున్నారు. ఆట అయిపోయినవాళ్లని ఈ ఫ్యాక్టరీలో ఆఫీసు కుర్చీలోంచి లేపి సిమెంటు బస్తాల దగ్గరికి పంపుతారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఇద్దరం ఎన్నడూ మాట్లాడుకోం. నాకు జాలేస్తుంది. జాలి వేసిన ప్రతిసారీ నేనొక అడుగు వెనక్కి వేస్తాను. మా ఆటలో ఒక పని ఉంది. మన ఆటగాడు వేసుకోవడానికి వీలుగా అవతలివాడి దారికి అడ్డంగా వెళ్లి నిలబడాలి, గుద్దితే గుద్దించుకోవాలి. ఆ పని చేసినవాడికి బోర్డు మీద పాయింటు పడదు. కాలేజీలో నేను ఆ పని బాగా చేసేదాన్ని. చేసినప్పుడు మా వాళ్లు వచ్చి భుజం తట్టేవాళ్లు. ఇక్కడ ఆ తట్టడం కూడా లేదు. ఇల్లూ ఆటా ఒకటి కాదని నాకు తెలుసు, ఆటకి పాపం విజిల్ ఊదేవాడు ఉంటాడు.

అసలు గొడవ ఇది కాదు. నేను మిషను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా పిల్లల జట్టు ఈసారి జిల్లా ఫైనల్‌కి వచ్చింది. ఆట పొన్నూరులో, అదీ సోమవారమే. శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ కోటిరత్నం గారు పిలిచి, “నువ్వు వెళ్లకపోతే జట్టు రావడం లేదని కబురు చెయ్యాలమ్మా. మగ మాస్టార్లతో ఏ తల్లీ పంపదు,” అన్నారు. తెల్లారుజామున మొదటి బస్సెక్కితే గుంటూరు, అక్కడ మారితే పొన్నూరు. రాత్రికి గాని తిరిగి రాలేం. మా జట్టు కెప్టెన్ కరీమున్ పదో తరగతి. వాళ్ల నాన్న మిరప కల్లంలో పనిచేస్తాడు. “ఈ ఏడాదితో చదువు చాలన్నాను టీచరమ్మా, ఈ ఒక్క ఆటా మీరుంటే పంపిస్తా,” అని నా మొహం మీదే చెప్పాడు. అంటే కరీమున్‌కి వచ్చే ఏడు అనేది లేదు.

ఆ సంగతి శుక్రవారమే ఇంట్లో చెప్పాను.

“రేపు తేలకపోతే సోమవారం మూడో మ్యాచి ఉంటుంది. పన్నెండు మందికి ఎవరు వండుతారు?” అన్నారు ఆయన.

“అత్తయ్య, పక్కింటి వెంకటరావమ్మ గారూ కలిసి...”

“కెప్టెన్ భార్య ఊళ్లో లేకుండా మ్యాచి ఏంటి? మేనేజరు గారి భార్య అడిగితే ఏం చెప్పను? పిల్లకాయలు, వచ్చే ఏడు ఆడుకుంటార్లే.”

“మొగుడు ఇక్కడ కిందామీదా పడతంటే పెళ్లాం పరాయూళ్లో గంతులేసొచ్చిద్దంట,” అన్నారు అత్తయ్య. దాంతో ఆ మాట అక్కడికి అయిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నానని చెప్పడానికి సిగ్గేస్తోంది. శనివారం బళ్లో కరీమున్ ఎదురొస్తే, పని ఉన్నట్టు స్టాఫ్ రూములోకి తప్పుకున్నాను.

ఆదివారం బనియన్లు పిండుతుంటే మా ఆయనది చేతికొచ్చింది. మెడ దగ్గర కుట్టు విడిచింది, మ్యాచికి ముందే కుట్టాలి అనుకున్నాను. అలా అనుకోగానే ఎందుకో ఏడుపొచ్చింది. రేపు మధ్యాహ్నం నేను సూదిలో దారం ఎక్కిస్తుంటాను, పొన్నూరులో ఎవరో మైకులో మా బడి పేరు పిలిచి, జట్టు రాలేదని అవతలి పిల్లలకి కప్పు ఇచ్చేస్తారు. మా పిల్లలు ఓడిపోతే ఏడ్చి ఊరుకుంటారు. ఆడకుండానే పోతే దేన్ని తలుచుకుని ఏడవాలి? గంట కొట్టారు. బనియన్లు దండెం మీద వేసి, మొహం కడుక్కుని, తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లాను.

మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద. వాక్యం అయ్యాక పాస్టరు జక్రయ్య గారు ఎప్పటిలాగే, ప్రార్థన మనవులుంటే లేచి చెప్పుకోండి అన్నారు. జ్వరాలు, కోర్టు కేసు, పత్తికి పట్టిన పురుగు అయ్యాయి. మా ఆయన లేచారు.

“రేపు ఫ్యాక్టరీ జట్టుకి మూడో మ్యాచి అయ్యగారూ. దేవుడు విజయం ఇచ్చేలాగా సంఘం ప్రార్థించాలి.”

“తప్పకుండా నాయనా. సహోదరీలలో ఇంకెవరైనా?”

మా సంఘంలో మనవి చెప్పుకుంటే చెప్పుకున్నట్టే. వచ్చే ఆదివారం అయ్యగారు పేరు పెట్టి పిలిచి, ఏమైందమ్మా అని అందరి ముందూ అడుగుతారు. మనవి చెప్పి వెనక్కి తీసుకున్నవాళ్లని నేను చూడలేదు. కొంగు తల మీదికి లాక్కుని లేచాను. పక్కన అత్తయ్య నా కుచ్చిళ్లు పట్టుకుని కిందికి లాగారు. చీర పిన్ను పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

“నేను రేపు తెల్లారుజామున మా బడి పిల్లల్ని తీసుకుని పొన్నూరు వెళ్తున్నాను అయ్యగారూ. జిల్లా ఫైనల్ ఆడుతున్నారు. మా ప్రయాణం కోసం, పిల్లల ఆట కోసం ప్రార్థించండి.”

కుడివైపు నుంచి మా ఆయన తల తిప్పి చూశారు. పాస్టరుగారికి ఇంట్లో గొడవ ఏం తెలుసు? సంతోషంగా కళ్లు మూసుకుని, ఒకే ఇంట్లో నుంచి ఇద్దరు బిడ్డలు రెండు ఆటలకి బయల్దేరుతున్నారు ప్రభువా అని పొడుగ్గా ప్రార్థించారు. పిల్లల కెప్టెన్ ఎవరని అడిగి మరీ కరీమున్ పేరు చేర్చారు. సంఘం అంతా ఆమెన్ అంది. ఆ గొంతుల్లో మా ఆయనది కూడా వినపడింది. అందరి మధ్యా నిలబడి అనకుండా ఎలా ఉంటారు?

బయట చెప్పుల దగ్గర నన్ను పట్టుకున్నారు. అత్తయ్య రెండడుగుల వెనక నిలబడ్డారు. ఆయన మొహంలో కోపం ఉంది, దాని కింద నేను రోజూ చూసే ఆ భయమూ ఉంది. నాకు మళ్లీ జాలేసింది. ఈసారి మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

“నువ్వు లేకుండా రేపు మ్యాచి పోతే?” అన్నారు గొంతు తగ్గించి.

చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, ఎప్పుడూ ఇచ్చే మర్యాద ఇచ్చే చెప్పాను.

“మీరు బెంచీ మీద కూర్చుంటే పోదండి.”