పంపేవారి పేరు

“కొనేసింది! బెగాయిమ్, కొనేసింది!”

మా ఆయన ఎర్మెక్ గొర్రెల కొట్టం పైకప్పు మీద నిలబడి నన్ను పిలుస్తూ అరుస్తున్నాడు. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. నేను అత్తయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేణ్ణీళ్ళు పోసిన ఉన్ని చుట్టను ముందుకూ వెనక్కూ దొర్లిస్తున్నాను. పెళ్ళయి అప్పటికి నలభై ఆరు రోజులు. రోజులు లెక్కపెట్టుకోవడం ఇంకా మానలేదు నేను.

“ఎవర్రా? ఏం కొన్నారు?” అంది అత్తయ్య.

“నార్వేలో ఒకావిడ. నీ ఎర్ర కొమ్ముల షిర్దాక్ తివాచీ! ముప్పై ఎనిమిది వేల సోమ్‌లు, పోస్టు ఖర్చుతో కలిపి!”

అత్తయ్య చేతులు ఆగలేదు. నీళ్ళు చల్లారితే ఉన్ని అతుక్కోదు. “పడి నడుం విరగ్గొట్టుకుంటావు, ముందు దిగు,” అంది. కానీ ఆ సాయంత్రం నా టీ గిన్నెలో మీగడ రెండుసార్లు వేసింది. నేను చూశాను.

ఆ తివాచీకి రెండు చలికాలాలు పట్టాయి ఆమెకు. తెల్ల ఉన్ని మీద ఎర్ర పొట్టేలు కొమ్ములు, అంచు పొడుగునా వేలెడు వేలెడుకీ కుట్టు. అలాంటివాటిని ఏటా శరదృతువులో రోజా అక్క అనే వ్యాపారి వ్యాను వేసుకొచ్చి తొమ్మిది వేలకు పట్టుకుపోయేది. రాజధాని బిష్కెక్‌లో ఆమె దుకాణం అద్దాల్లో వాటి ధర నేను కాలేజీ రోజుల్లోనే చూశాను. అందుకే కోడలిగా వచ్చిన రెండో వారమే ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాను.

డబ్బు వస్తే ఏం చెయ్యాలో అత్తయ్య ఎప్పుడో అనుకుంది: ఉన్ని ఏకే మిషన్. పద్దెనిమిది వేలు. ఇప్పుడు కర్రలతో కొట్టి ఏకుతున్నాం. ఒక గొర్రె బొచ్చు కొట్టేసరికి ఆమె కుడి భుజం పైకి లేవదు. తల దువ్వడానికి నన్ను పిలుస్తుంది. నాకు ఆమె జడ వెయ్యడం ఎంత ఇష్టమో, ఎందుకు వేయించుకుంటోందో గుర్తొస్తే అంత బాధ.

చేత్తో చేసిన తివాచీ దేశం దాటాలంటే అది పురాతన వస్తువు కాదని కాగితం కావాలట. బిష్కెక్‌లో ఎర్మెక్ చిన్నాన్న కూతురు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చింది. తివాచీ ఫోటో, యజమానిగా అత్తయ్య పేరు, గుండ్రటి ముద్ర.

“నిన్నగాక మొన్న కొస దారం తుంచింది మా అమ్మ. అప్పుడే పురాతనమా అని అనుమానం వీళ్ళకి!” అని నవ్వాడు ఎర్మెక్.

పోస్టాఫీసుకి అడిగి తెచ్చుకున్న కారులో వెళ్ళాం. అతను కారు దగ్గర ఉండిపోయాడు, నేను మూట మోసుకుని లోపలికి వెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నావిడ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూటకి అంటించి, టేపు చుట్టేసి, తూకం వేసింది. పద్నాలుగు కిలోలు.

“ఓడలో అయితే తక్కువవుతుందని చదివాను అక్కా,” అన్నాను.

“అవుతుంది. ఓడ పట్రా, ఎక్కిస్తాను.” వెనక వరసలో వాళ్ళు పకపకా నవ్వారు. “ఆ ధర సముద్రం ఉన్నవాళ్ళకి తల్లీ. మనకి ఎటు చూసినా కొండ, కొండ దిగితే పక్కవాడి సరిహద్దు. లారీలో పక్క దేశం దాకా, అక్కణ్ణుంచి విమానం. పదిహేడు వేల రెండొందలు.”

అంతవుతుందనుకోలేదు. అయినా మనసులో లెక్క వేసుకున్నాను. మిషన్ వస్తుంది. పైన కొంచెం మిగులుతుంది కూడా. ఆ మిగిలినదాంతో అత్తయ్యకి కొత్త శాలువా కొనేద్దామని అక్కడే నిశ్చయించుకున్నాను.

“పంపేవారి పేరు?” అంది ఆవిడ, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.

కాగితం మీద ఉన్నది అత్తయ్య పేరు.

మా వైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఈ ఆచారాన్ని తలుచుకుని పడీ పడీ నవ్వినదాన్ని నేనే. తీరా పెళ్ళయ్యాక అదో ఆటలా సరదా పట్టుకుంది. చిన్నవాడైనా మరిదిని ‘చక్కెర పలుకు’ అంటాను, పెదమామయ్యని ‘పొడుగు టోపీ’ అంటాను. “పట్నం పిల్లే, అయినా నా పేరు ఒక్కసారి కూడా నోట రాలేదు,” అని అత్తయ్య పొరుగువాళ్ళ దగ్గర గొప్ప చెప్పుకుంటే నేను పొయ్యి దగ్గర పొంగిపోయేదాన్ని. ఆ పొరుగువాళ్ళలో ఇద్దరు సరిగ్గా నా వెనకే వరసలో ఉన్నారు.

ఆవిడ నా తలగుడ్డ వైపు చూసి, పరిస్థితి గ్రహించి నవ్వేసింది. “కొత్త కోడలివా! చెప్పకులే. మా అత్తగారు పోయి పదేళ్ళయింది, నేనూ ఇంతవరకు పలకలేదు. నీ పాస్‌పోర్ట్ ఇటివ్వు, నీ పేరే కొట్టేస్తా. ఒకే ఇల్లు, ఎవరైతేనేం?”

“ఎవరైతేనేం,” అన్నాను నేనూ.

ఎర్మెక్‌ని పిలిస్తే ఒక్క ముక్కలో చెప్పేవాడు. చీటీ మీద రాసిచ్చినా సరిపోయేది. కానీ వెనక ఆ ఇద్దరూ “ఎంత మర్యాదో చూడు” అని గుసగుసలాడుకోవడం వినిపించింది. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

నార్వే ఆవిడకి తన కూతురి గృహప్రవేశానికి నవంబరు చివర్లోగా కావాలి. మేము రోజుకి పదిసార్లు కొట్టమెక్కి ఫోన్ చూసేవాళ్ళం. పార్సెల్ బయల్దేరింది. సరిహద్దు దాటింది. పక్క దేశం గిడ్డంగిలో ఆగింది. తర్వాత కదల్లేదు.

ముప్పై ఒకటో రోజున ఉత్తరం వచ్చింది. అనుమతి కాగితంలో ఉన్న పేరూ పంపినవారి పేరూ ఒకటి కావు, కనుక వెనక్కి పంపుతున్నాం. అంతే, రెండే వాక్యాలు. నార్వే ఆవిడ మర్యాదగానే రాసింది, ఇక అక్కర్లేదు, డబ్బు తిరిగి పంపండి అని. తప్పు ఆమెది కాదు. పోస్టు డబ్బు మాత్రం మాకు తిరిగి రాలేదు. సరిహద్దు దాకా సేవ అందింది కదా అన్నారు. ఆ లోటు పూడ్చడానికి ఎర్మెక్ మూడు గొర్రెల్ని సంతకి తోలుకెళ్ళాడు. వెళ్తూ నా బుగ్గ గిల్లి, “మన తివాచీ మనకంటే ముందే విదేశం చూసొచ్చింది,” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వాను కూడా.

మూట ఇవాళ వచ్చింది. ఈసారి అత్తయ్య కూడా నాతో వచ్చింది. కౌంటర్‌లో ఆవిడే, కానీ తలెత్తలేదు.

“అనుమతి కాగితం ఎవరి పేరున ఉందో చెప్పి సంతకం పెట్టాలి. మళ్ళీ పొరపాటు జరిగితే నా ఉద్యోగం ఊడుతుంది.”

అత్తయ్య నా పక్కనే ఉంది. తన పేరు తనే చెప్పుకోవచ్చు. చెప్పలేదు.

“అనార్‌కాన్,” అన్నాను, గది అంతా వినపడేలా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి విప్పాం. ఎక్కడో వానలో తడిసి అలాగే చుట్టి ఉంచినట్టున్నారు, ముక్కిపోయిన వాసన గుప్పుమంది. కొమ్ముల ఎరుపు తెలుపులోకి దిగింది. అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో అంచంతా తడుముతూ పోయింది.

“కుట్టు గట్టిగానే ఉంది,” అంది.

“అత్తయ్యా, నేను ఆ రోజు...”

“తెలుసు. పొరుగువాళ్ళు వచ్చి చెప్పారు. నా కోడలు నన్నెంత గౌరవిస్తుందో చూశామన్నారు. ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను.” లేవబోయి, భుజం పట్టేసి, మళ్ళీ కూర్చుంది. నేను చెయ్యి అందించాను. పట్టుకుంది.

“రేపు ఎండ రాగానే దీన్ని కంచె మీద ఆరేద్దాం. రంగు దిగినవైపు లోపలికి మడిచి ఫోటో తియ్యి. మధ్యాహ్నం ఎర్మెక్‌ని పైకెక్కించి, రోజాకి ఫోన్ చేయించు. ఆరు వేలన్నా సరే అనమను.”