సమ్మెలో సాక్షి

సకల జనుల సమ్మెకు పద్దెనిమిదో రోజు. తెలంగాణ వచ్చేదాకా కోర్టులో వాదించేది లేదన్న జనగామ వకీళ్ళు గేటు ముందు టెంటు వేసుకుని పొద్దంతా వాదించుకుంటూనే ఉన్నారు. ఫీజు లేదు, అంతే.

సర్కారు వకీలు జబీన్‌కు మాత్రం ఆ టెంటులో కుర్చీ మీద నిలకడ లేదు. నినాదం సగంలో లేస్తుంది, గేటు దాకా పోతుంది, తిరిగొస్తుంది. గోడ నీడన జమ్లీ, ఆమె కూతురు మౌనిక. బస్సులు కూడా సమ్మెలోనే కనుక, బచ్చన్నపేట అవతలి తండా నుంచి సగం దారి నడిచి, సగం ట్రాక్టరెక్కి వచ్చారు. తనపై అత్యాచారం చేసినవాడి మీద మౌనిక సాక్ష్యం చెప్పాల్సిన తారీఖు ఇదే.

"ఇయ్యాల కాకుంటే ఎప్పుడు, వకీలమ్మా?"

"రెండు నెలలైతది."

జమ్లీ నెత్తి కొట్టుకుంది. "ఐతారం నాడు పెద్దమనుషులు కూసుంటున్నరు. పిల్లను వానికే ఇచ్చి లగ్గం జేస్తే కేసు ఒడుస్తదట. దీని బాపు తలకాయ ఊపిండు. పిల్ల కోర్టుల చెప్పినంక ఇగ ఆ మాట ఎవలు తిప్పుతరు?"

"వానింట్ల నేనుండ," అంది మౌనిక, నేల చూస్తూనే.

వాయిదా పడితే ముద్దాయికే ఫాయిదా. జబీన్ టెంటులోకి విసురుగా నడిచి ముద్దాయి వకీలు నరేందర్ ముందు నిలబడింది.

"నరేందరూ, ఒక్క గంట. సాక్షిని విచారించి మళ్ళ గీడనే కూసుందాం."

"ఉద్యమానికి గంట సెలవుంటదా, అక్కా?"

"రైల్ రోకోల దొరికిన పోరల బెయిలుకు పోలేదా మనం?"

"వాళ్ళు మనోళ్ళు."

"గీ పిల్ల ఎవల్ది మరి?"

నరేందర్ బల్ల కింది నుంచి పళ్ళెం తీశాడు. చీర, డజను గాజులు. సమ్మె తప్పినవాడికి అవి కట్టి, తొడిగి నలుగురిలో నిలబెట్టాలని మొన్నటి మీటింగులో చెప్పింది జబీనే. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు, ఆమె కూడా నవ్వింది. ఆ చప్పట్లలో బుద్ధి చప్పబడిపోయింది. మగవాణ్ని అవమానించడానికి తన చేతి గాజులే దొరికాయా అని అప్పుడు తట్టనే లేదు.

"నువ్వు పెట్టిన రివాజే, అక్కా."

"తప్పు నాదే. తొడుగు. ఆడదాన్ని, నాకు నామోషీ ఏంది?"

నరేందర్ చెయ్యి ముందుకు రాలేదు. జబీన్ కోటు వేసుకుని, మౌనిక చెయ్యి పట్టుకుని గేటు దాటింది. వెనక ఎవరో "ద్రోహి!" అన్నారు. రైలు పట్టాల మీద కూర్చుని లాఠీలు తిన్న వీపు ఆమెది. ఈ దెబ్బే ఎక్కువ తగిలింది.

"వచ్చిన సాక్షిని వట్టిగా పంపను," అన్నాడు జడ్జి. "ముద్దాయి వకీలును పిలవండి. రాకపోతే ఎదురు ప్రశ్నలు లేవని రాసుకుంటాను."

బంట్రోతు వరండాలోంచి మూడుసార్లు కేకేశాడు. మూడో కేకకు నరేందర్ కోటుకు ఒక చెయ్యి తొడుక్కుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చాడు. మిగతావాళ్ళను బయటికి పంపి తలుపులు మూశారు. బయట మైకు మోగుతూనే ఉంది. రేపు తనకు ఆ టెంటులో కుర్చీ ఉంటుందో లేదో జబీన్‌కు తెలియదు.

"గట్టిగ చెప్పాల్నా, అక్కా?" అంది మౌనిక.

"మైకు కన్న గట్టిగ."

మౌనిక జడ్జి వైపు తిరిగి మొదలుపెట్టింది.