ఇంకా తొమ్మిది లైన్లున్నాయి

కొండపల్లి శాఖా గ్రంథాలయం ముందు నుంచి సైదాబీ ఎన్ని వందలసార్లు నడిచిందో లెక్కలేదు. ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. భర్త లాల్ అహ్మద్ పొణికి చెక్కతో బొమ్మలు చెక్కితే, వాటికి రంగులు వేసి, కళ్ళు దిద్ది, దుకాణంలో అప్పగించి రావడం ఆమె పని. వెళ్ళేటప్పుడు నెత్తిన బుట్ట, వచ్చేటప్పుడు వంట ధ్యాస. అలాంటిది తొంభై ఏడో సంవత్సరం నవంబరులో ఒక సాయంత్రం, గేటు పక్కనున్న నల్లబల్ల దగ్గర ఆగిపోయింది.

ఆరేళ్ళ కిందట పేటలో రాత్రిబడి పెట్టినప్పుడు, నలభై ఆరేళ్ళ వయసులో ఆమె అక్షరాలు దిద్దింది. ఏడాది తిరక్కుండానే బడి మూతపడింది. తతిమ్మా ఆడవాళ్ళు సంతకం దగ్గరే ఆగిపోతే, సైదాబీ మాత్రం బస్సు బోర్డులూ పొట్లం కాగితాలూ వదలకుండా కూడబలుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు బల్ల మీద మొదటి మాటే పెద్ద గండమైంది. 'గ్రం' దగ్గర ఒకసారి, 'థా' దగ్గర ఒకసారి తట్టుకుని, మూడో విడతలో గట్టెక్కింది. గ్రంథాలయ వారోత్సవాలు. పద్ధెనిమిదో తేదీ సాయంత్రం నాలుగున్నరకు పఠన పోటీ. అందరూ ఆహ్వానితులే.

ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

పేపర్లు చదువుతున్న మగవాళ్ళు తలలెత్తారు. మనవడి కోసం వచ్చిందనుకున్నాడు లైబ్రేరియన్ రామకోటేశ్వరరావు.

"పోటీకా అమ్మా? అబ్బాయి పేరేంటి, ఏ క్లాసు?"

"పేరు సైదాబీ. నేనేనండీ చదివేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. రామకోటేశ్వరరావు నవ్వలేదుగానీ ఇబ్బంది పడ్డాడు. "అది స్కూలు పిల్లలకమ్మా. ఏటా వాళ్ళే వస్తారు."

"బోర్డు మీద అందరూ అనుందిగా సార్. పిల్లలని లేదే. మళ్ళీ చదివి రమ్మంటారా?"

ఆ రాత ఆయనదే. పెన్ను మూత తీసి పేరు రాసుకున్నాడు. "ఏ పేజీ ఇస్తామో ముందు చెప్పం. మూడు నిమిషాలు టైము. తప్పుకో మార్కు పోతుంది. ఇంకా పన్నెండు రోజులున్నాయి కాబట్టి సాయంత్రాలు ఇక్కడికొచ్చి చదువుకోండి."

ఇంట్లో లాల్ అహ్మద్ ఉలి కింద పెట్టి మరీ అన్నాడు. "యాభై రెండేళ్ళకి పిల్లల్తో పోటీయా? జనం నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడం అయ్యాక వింటారుగా."

మర్నాడు నాలుగింటికల్లా వెళ్ళి కూర్చుంది. అక్కడొక చిక్కొచ్చింది. గొంతు విప్పకుండా చదవడం ఆమెకు రాదు. రెండు లైన్లు అయ్యాయో లేదో, ఎదురుగా ఉన్న పెద్దమనిషి విసుక్కున్నాడు. "సార్, ఇది లైబ్రరీయా, ఒకటో తరగతా?"

గోడమీద 'నిశ్శబ్దం' అని రాసే ఉంది. రామకోటేశ్వరరావు ఒక స్టూలూ నిన్నటి పేపరూ పట్టుకొచ్చి, "ఏమీ అనుకోకండమ్మా. వరండాలో అయితే ఎంత గట్టిగా చదివినా పర్లేదు," అన్నాడు. అంతమంది ముందు లేచి బయటికి నడవడం సైదాబీకి చెంప మీద కొట్టినట్టే ఉంది. ఇంటికి పోదామనుకుంది. చేతిలో పేపరు ఉండబట్టి కూర్చుంది.

కూరగాయలమ్మే శౌరమ్మ అటుగా పోతూ గంప దించింది. "ఏంటక్కా గొణుగుతున్నావ్?"

"పేపరు."

"ఏం రాశారేంటి? పైకి చదువు, నాకూ వినబడాలి."

సైదాబీ ఒక్కో మాటా పేర్చుకుంటూ పోయింది. వాక్యం తోక వచ్చేసరికి శౌరమ్మ దాని తల మర్చిపోయింది. "మళ్ళీ మొదట్నించీ చెప్పక్కా. కరెంటు ఎప్పుడు తీస్తారంటా?"

అలా ప్రతి వార్తా రెండేసిసార్లు చదవాల్సి వచ్చింది. నాలుగో రోజుకి వరండాలో అయిదుగురు ఆడవాళ్ళు చేరారు. అన్నాళ్ళూ సైదాబీ అక్షరాలు చదివింది. ఎదురుగా మనుషులు కూర్చుని "ఆ తర్వాత?" అని అడుగుతుంటే, సంగతి చదవడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆగితే అర్థం తెగుతుందో, ఎక్కడ ఆగితే అతుకుతుందో ఆమెకు వాళ్ళ మొహాల్లో తెలిసేది.

పద్ధెనిమిదో తేదీన హాలు నిండింది. రిటైరైన తెలుగు పంతులు హనుమయ్య మాస్టారు న్యాయనిర్ణేత. ఏడో తరగతి పిల్ల భానుశ్రీ నిమిషన్నరలో పేజీ గడగడా ఒప్పజెప్పినట్టు చదివి చప్పట్లు కొట్టించుకుంది. తర్వాత సైదాబీని పిలిచారు. ఆమెకు వచ్చిన కాగితంలో ఒక చిన్న కథ ఉంది. కృష్ణానది పొంగితే, ఏటి మధ్య లంకలో పురిటినొప్పులు పడుతున్న అమ్మాయిని ఒడ్డుకు చేర్చడానికి పడవ వేసిన కథ.

కొంగుతో కాగితం అంచు పట్టుకుని మొదలుపెట్టింది. వెనక వరసలో నవ్వులు వినబడ్డాయి, కాసేపటికి అవీ ఆగాయి. పడవ నది మధ్యకి వచ్చింది. సరంగు చేతిలో గెడ విరిగింది.

గంట మోగింది.

"టైమైందమ్మా, కూర్చోండి," అన్నారు హనుమయ్య మాస్టారు.

"ఇంకా తొమ్మిది లైన్లున్నాయండీ."

"ఉన్నాయి గానీ, రూలు రూలే కదమ్మా."

"మార్కులు తీసెయ్యండి. ఆ పిల్లని నడిఏట్లో వదిలేసి నేనెట్టా కూర్చునేది?"

"ఆగమాకక్కా, చదువు!" వెనకనుంచి శౌరమ్మ అరిచింది. ఆ మాటకి ఇంకో పదిమంది గొంతు కలిపారు. మాస్టారు గంట మీదనుంచి చెయ్యి తీశారు. తొమ్మిది లైన్లూ అయ్యేసరికి మరో మూడు నిమిషాలు పట్టింది. పడవ ఒడ్డు చేరిందని వినగానే హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

బహుమతి భానుశ్రీకే వచ్చింది. రావలసిందేనని సైదాబీ కూడా అనుకుంది. కానీ మర్నాడు లైబ్రరీ తెరవగానే రామకోటేశ్వరరావు ఎదుట నిలబడింది.

"సార్, రోజూ వరండాలో పేపరు చదువుతాను. చదువు రానోళ్ళూ, చూపు ఆననోళ్ళూ వచ్చి వింటారు. బోర్డు మీద రాసి పెట్టండి."

"మంచిదేనమ్మా. కానీ పైవాళ్ళ పర్మిషన్ కావాలి. బందరులో జిల్లా ఆఫీసుకి రాయాలి."

"రాయండి సార్. వాళ్ళు జవాబిచ్చేదాకా చదువుతుంటాను."

ఆయన రాశాడు. జవాబు రాలేదు. సైదాబీ చదువు ఆగలేదు.

ఫిబ్రవరిలో జిల్లా పేజీ అడుగున అగ్గిపెట్టంత వార్త పడింది. బెజవాడలో ఒక కంటి ఆసుపత్రిలో మూడు రోజులు ఉచితంగా శుక్లాల ఆపరేషన్లు. వరండాలో వినేవాళ్ళలో సగంమంది జన్మంతా సన్నకుంచెతో బొమ్మల కళ్ళు దిద్ది తమ చూపు పోగొట్టుకున్నవాళ్ళే. "అంత ఊళ్ళో మనకి దారెవరు చెప్తారే?" అని జంకారు.

"బస్సు బోర్డు నేను చదవలేనా?" అంది సైదాబీ.

మర్నాటి పొద్దున్నే ఏడుగుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆసుపత్రి గుమస్తా ఏడు ఫారాలు బల్ల మీద పరిచి, సిరా డబ్బీ ముందుకు తోశాడు. "త్వరగా వేలిముద్రలు వెయ్యండి, వెనక లైనుంది."

వాళ్ళలో పెద్దదైన తెరేసమ్మ బొటనవేలు చాపింది. సైదాబీ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క క్షణం బాబూ. ఇందులో ఏముందో వీళ్ళకి వినిపించాలి."

"ఏముంటుందమ్మా, మామూలు ఫారమే."

"మామూలుదే అయితే వినిపిస్తే తప్పేముంది?"

గుమస్తా గడియారం చూసుకున్నాడు. ఆమె చూడలేదు. కాగితం వెలుగులోకి జరుపుకుని, పై లైను మొదలుకొని, ఏడుగురికీ వినబడేలా చదివింది. అడ్డంపడ్డ మాటల దగ్గర ఆగి అతన్నే అర్థం అడిగింది. అతను విసుక్కుంటూ మొదలుపెట్టి, రెండో పేజీకొచ్చేసరికి తనే వివరంగా చెప్పసాగాడు. ఆపరేషనుకి ముందు షుగరు చూపించుకోవాలన్న మాట అక్కడే దొరికింది. తెరేసమ్మకి షుగరు ఉన్న సంగతి అప్పుడే డాక్టరుకు చెప్పారు. షుగరు తగ్గించుకుని ఆమెను నెలాఖరుకి రమ్మన్నారు. మిగతా ఆరుగురికీ ఆ మూడు రోజుల్లోనే ఆపరేషన్లు చేసి కళ్ళకి కట్లు కట్టారు.

నెలాఖరున తెరేసమ్మను తీసుకుని సైదాబీ మళ్ళీ బస్సెక్కింది.